గోరింటాకు: చందమామ చుక్క నుంచి మోచేతి మెహందీ దాకా

గోరింట ఆకును నూరి, ఆ ముద్దతో చేతులకూ పాదాలకూ గోళ్ళకూ ఎరుపు పట్టించుకోవడం మొరాకో నుంచి మలేసియా దాకా ఉన్న అలంకారం. కోస్తా, రాయలసీమల్లో దీన్ని గోరింటాకు అంటారు. తెలంగాణ పల్లెల్లో మైదాకు. హైదరాబాదీ ఉర్దూలో మెహందీ, అరబ్బీలో హిన్నా. పచ్చబొట్టులా ఇది చర్మాన్ని గుచ్చదు, జీవితాంతం నిలవదు. రెండు మూడు వారాల్లో వెలిసిపోతుంది. వెలిసిపోతుంది కనకే పండగ పండగకూ మళ్ళీ పెట్టుకుంటారు.

తెలుగు నేల మీద ఈ అలంకారానికి రెండు పాయలున్నాయి. రోట్లో నూరి ఇంట్లోనే పెట్టుకునే పాత పాయకు రంగే ముఖ్యం. మర్నాడు పొద్దున్న ఎవరూ ‘ఏం డిజైన్?’ అనరు, ‘ఎంత పండింది?’ అంటారు. కోన్‌తో వేసే కొత్త పాయకు గీత ముఖ్యం. ఈ రెండూ ఒకే వీధిలో ఎదురుపడే చోటు చూడాలంటే హైదరాబాద్‌లో యూసుఫ్‌గూడకు వెళ్ళాలి. ఒక పక్క జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. ఇంకో పక్క రహ్మత్‌నగర్, బోరబండ. మధ్యలో సినిమా కార్మికుల కృష్ణానగర్. సినిమా కోసం కోస్తా నుంచి వచ్చినవాళ్ళూ, పని కోసం తెలంగాణ పల్లెల నుంచి వచ్చినవాళ్ళూ, ముస్లిం కుటుంబాలూ ఇక్కడ పక్కపక్క వాటాల్లో ఉంటారు. మైదాకు, గోరింటాకు, మెహందీ అన్న మూడు మాటలూ ఒకే కిరాణా కొట్లో వినిపిస్తాయి.

మొక్క, రంగు పండే తీరు

గోరింట ఎండనూ నీటి ఎద్దడినీ తట్టుకునే పొద. వదిలేస్తే చిన్న చెట్టంత అవుతుంది, కత్తిరిస్తూ ఉంటే కంచెగా ఒదుగుతుంది. పల్లెల్లో పెరటి దడికి దీన్ని నాటుకోవడం మామూలే. చిన్న చిన్న తెల్లని పూలు గుత్తులుగా పూస్తాయి. ఆ పూల నుంచే హినా అత్తరు తీస్తారు. శాస్త్రనామం లాసోనియా ఇనెర్మిస్. స్కాట్లండ్ వైద్యుడు ఐజాక్ లాసన్ పేరు మీద లిన్నేయస్ ఆ పేరు పెట్టాడు. వృక్షశాస్త్రం లెక్కలో ఇది దానిమ్మకు చుట్టం, రెండిటిదీ లైథ్రేసీ కుటుంబమే.

ఆకులో ఉండే రంగు పదార్థం లాసోన్. ఎండిన ఆకు బరువులో అది నూటికి ఒకటి రెండు పాళ్ళే. పచ్చి ఆకులో ఇది నేరుగా ఉండదు. చక్కెర అణువుతో ముడిపడిన రూపంలో ఉంటుంది. ఆకు నలిగి, కాస్త పులుపు తగిలినప్పుడు ఆ ముడి విడి లాసోన్ బయటపడుతుంది. మన అమ్మమ్మలు రోట్లో చింతపండో పుల్ల మజ్జిగో వేసి నూరడంలో, ఇప్పటి కళాకారులు పొడిని నిమ్మరసంలో కలిపి రాత్రంతా నానబెట్టడంలో జరిగే రసాయన చర్య ఒకటే. వక్క, కాచు కలిపితే వాటిలోని వగరు రంగును ముదురు చేస్తుందని ఇళ్ళలో గట్టి నమ్మకం.

బయటపడ్డ లాసోన్ చర్మంలోని కెరటిన్ అనే మాంసకృత్తిని అంటుకుంటుంది. ముద్ద తీసిన వెంటనే చెయ్యి నారింజ రంగులోనే ఉంటుంది. గాలి తగిలి, ఒకటి రెండు రోజుల్లో ముదిరి ఎర్రమట్టి రంగుకో గోధుమ రంగుకో తిరుగుతుంది. అందుకే పెళ్ళికి రెండు రోజుల ముందే పెట్టించుకోవాలంటారు. తీసిన రోజంతా నీళ్ళు తగలనివ్వకూడదనీ, సబ్బు జోలికి పోకుండా కొబ్బరినూనె రాయాలనీ పెద్దవాళ్ళు చెప్పే జాగ్రత్తలకు కూడా కారణం ఇదే.

కెరటిన్ ఎక్కువ ఉన్నచోట రంగు గాఢంగా పడుతుంది. అంటే గోళ్ళు, అరచేతులు, అరికాళ్ళు. చేతి వెనకభాగంలో, మోచేతి దగ్గర చర్మం పలచన కాబట్టి అక్కడ లేతగా పండి త్వరగా పోతుంది. గోరు మీది రంగైతే పోదు, గోరుతో పాటు పెరిగి పోవలసిందే. గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆషాఢంలో పెట్టిన ఎరుపు అట్లతద్దినాటికి గోటి కొసన సన్నని వంకగా మిగిలి ఉంటుంది. కొరియాలో ఆడపిల్లలు వేరే మొక్క పూలతో గోళ్ళు ఎర్రగా చేసుకుని, తొలి మంచు పడేదాకా ఆ రంగు నిలిస్తే మొదటి ప్రేమ ఫలిస్తుందనుకుంటారు. మనవాళ్ళు, ఎర్రగా పండితే మంచి మొగుడొస్తాడన్న మాట దగ్గరే ఆగారు.

తెలుగింటి పద్ధతి

అరచేతి నడుమ రూపాయి బిళ్ళ కంటే పెద్దదిగా ఒక గుండ్రటి ముద్ద. అది చందమామ. దాని చుట్టూ చిన్న చుక్కలు. వేళ్ళ కొసలకు, గోళ్ళు కూడా మునిగేలా, టోపీలు. పాదాలకైతే అంచు వెంట ఒక గీత, వేళ్ళకు మళ్ళీ టోపీలు. మొత్తం డిజైను ఇంతే. ఓపిక ఉన్నవాళ్ళు చీపురుపుల్లతో ఒక పువ్వో తీగో గీసేవారు. దీన్ని ‘డిజైన్ రాని కాలపు పద్ధతి’ అని కొట్టిపారేయడం ఇప్పుడు అలవాటైంది. అది తప్పు. చర్మంలో ఎక్కడ రంగు బాగా పడుతుందో అక్కడే, ఎంత మందంగా పెడితే గాఢంగా పండుతుందో అంత మందంగా పెట్టే పద్ధతి ఇది. అరచేయి, వేలికొస, గోరు: లాసోన్‌కు అనువైన మూడు చోట్లనూ పట్టుకుని మిగతావి వదిలేసింది. సన్నగీత మెహందీ పండకపోతే బొమ్మైనా మిగులుతుంది. చందమామ పండకపోతే ఏమీ మిగలదు.

ఆషాఢంలో ఒక్కసారైనా గోరింటాకు పెట్టుకోవాలన్నది తెలుగిళ్ళలో ఆడవాళ్ళందరికీ తెలిసిన ఆచారం. కొత్త కోడలు ఆ నెల అత్తగారింట ఉండకుండా పుట్టింటికి వస్తుంది. అక్కాచెల్లెళ్ళూ పిన్నులూ కలిసి ఆకు కోసి నూరి పెట్టుకోవడానికి అంతకంటే మంచి అదను దొరకదు. తొలకరి పడి చేతులూ కాళ్ళూ బురదలో నీళ్ళలో నానే కాలం కూడా అదే. గోరింటాకు చలవ చేస్తుందనీ, గోళ్ళు పుచ్చకుండా కాపాడుతుందనీ పెద్దలు చెప్పే మాటలో కొంత పస ఉంది, లాసోన్‌కు బూజుజాతి క్రిములను అదుపుచేసే గుణం ప్రయోగశాలల్లో కనిపించింది. అయితే ఆచారమంతా ఆరోగ్యసూత్రమేనని నిరూపించబోవడం ఈమధ్య పట్టుకున్న జబ్బు. ఎర్రటి చేతులు చూసుకుంటే ముచ్చటగా ఉంటుంది. ఆ కారణం చాలు.

భాద్రపదంలో ఉండ్రాళ్ళతద్ది, ఆశ్వయుజంలో అట్లతద్ది. రెండూ బహుళ తదియనాడు వచ్చే గౌరీ నోములు. ముందు రాత్రి ఆడపిల్లలందరికీ గోరింటాకు పెడతారు. తెల్లవారుజామున లేచి చద్దెన్నం తిని, ఆటలాడి, ఉయ్యాలలూగి, సాయంత్రం వాయనాలిచ్చి చంద్రుణ్ణి చూస్తారు. సీమంతంలో గర్భిణికీ, పెళ్ళిలో వధూవరులకూ గోరింటాకు తప్పదు. ఇదే ఆచారానికి ఇంకో ముఖం కూడా ఉంది. ఐదవతనానికి గుర్తు కావడం వల్ల భర్త పోయిన స్త్రీకి దీన్ని నిషేధించారు. ఆ నిషేధం నగరాల్లో సడలుతోంది కానీ పూర్తిగా పోలేదు.

గోరింట పుట్టుక మీద ఇళ్ళలో చెప్పుకునే కథ ఒకటుంది. గౌరీదేవి చిన్నతనంలో తోటలో ఆడుకుంటూ ఈడేరిందట. నేల తాకిన రక్తపు బొట్టు నుంచి ఒక మొక్క లేచింది. ఆకు కోస్తే వేళ్ళు ఎర్రబడ్డాయి. బిడ్డ చెయ్యి కందిందేమోనని పర్వతరాజు కంగారుపడితే, నొప్పి లేదు, ముచ్చటగానే ఉందని గౌరి అంది. అప్పుడు కుంకుమకు భయం పట్టుకుంది, ఇంత ఎరుపు దొరికాక నుదుట నన్నెవరు పెట్టుకుంటారని. గోరింటాకు నుదుట పండదని గౌరి వరమిచ్చి ఆ తగువు తీర్చింది. పుష్పవతి కావడం గురించి పది మందిలో మాట్లాడని సమాజం ఆ సంగతిని ఒక చెట్టు కథలో పెట్టి పిల్లలకు చెప్పుకోవడం గమనించదగ్గది.

చేతి ఎరుపంతా గోరింట కాదు. పెళ్ళికూతురి పాదాలకు రాసే పారాణి పసుపూ సున్నమూ కలిపి చేసేది. పసుపులోని కర్కుమిన్ క్షారం తగలగానే ఎర్రబడుతుంది. సంస్కృత కావ్యాల్లో నాయికల పాదాలకు పూసే లత్తుక లక్క నుంచి వచ్చింది. కూచిపూడి నర్తకులు వేళ్ళకూ పాదాలకూ పూసుకునే ఎరుపు ఆ వరసలోదే, కడిగితే పోతుంది. ఇవి కాక తెలుగిళ్ళలో బెల్లం గోరింటాకు అని ఒక చిత్రం ఉంది. పాత డబ్బా అడుగున బెల్లం, లవంగాలు వేసి, మధ్యలో చిన్న గిన్నె ఉంచి, పైన నీళ్ళు పోసిన గిన్నెను మూతగా పెట్టి సన్నసెగ మీద కాస్తారు. మాడిన బెల్లం ఆవిరి పై గిన్నె అడుగున చల్లబడి బొట్టుబొట్టుగా లోపలి గిన్నెలోకి దిగుతుంది. ఆ ద్రవంలో కుంకుమ కలిపి పుల్లతో వేసుకుంటే నిమిషాల్లో ముదురు రంగు వస్తుంది. ఇందులో గోరింట ఆకు ఒక్కటీ ఉండదు. వంటింట్లో బట్టీ పెట్టిన ఆ తెలివికి మెచ్చుకోవాలి, లేత చర్మం మీద మాత్రం వాడకపోవడం మంచిది.

బయటి దేశాల చరిత్ర

గోరింట మొదట ఎక్కడ సాగైందన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా, భారతదేశం మూడూ పోటీలో ఉన్నాయి. ప్రాచీన ఈజిప్టు మమ్మీల జుట్టు మీద, గోళ్ళ మీద ఈ రంగు జాడలు చెబుతారు. బైబిల్ పాత నిబంధనలోని పరమగీతంలో ఎన్‌గెదీ తోటల గోరింట పూగుత్తుల ప్రస్తావన ఉంది. ఇస్లాం సంప్రదాయంలో జుట్టుకూ గడ్డానికీ హిన్నా పెట్టుకోవడం ప్రవక్త మెచ్చిన పని. హైదరాబాద్ పాతబస్తీలో కనిపించే ఎర్రగడ్డాల వెనక ఉన్నది ఆ సంప్రదాయమే.

గోరింటాకు మతానికి గుర్తుగా మారి నిషేధానికి గురైన దేశం కూడా ఉంది. స్పెయిన్‌లో బలవంతంగా క్రైస్తవంలోకి మార్చిన ముస్లింల సంతతి మీద రెండో ఫిలిప్ రాజు 1567లో ఆంక్షలు విధించాడు. అరబ్బీ భాష, దుస్తులు, స్నానశాలలతో పాటు ఆడవాళ్ళ హిన్నా కూడా ఆ ఆంక్షల్లో చేరింది. గ్రెనడాకు చెందిన ఫ్రాన్సిస్కో నూన్యెజ్ ములే అనే పెద్దమనిషి, ఇది అలంకారమే కానీ మతాచారం కాదని విన్నపం రాశాడు. ఆ విన్నపాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

హైదరాబాద్ మెహందీ

హైదరాబాదీ ముస్లిం పెళ్ళిలో మాంఝా, సాంచక్, మెహందీ వరుసగా వచ్చే వేడుకలు. మాంఝాలో వధువుకు పసుపు పూస్తారు, సాంచక్‌లో వరుడి వైపు వాళ్ళు బట్టలూ నగలూ పళ్ళేల్లో పెట్టి తెస్తారు, ఆపైన మెహందీ. రంజాన్ చివర నెలవంక కనబడిన రాత్రి, చాంద్‌రాత్ నాడు, చార్మినార్ పక్కన లాడ్‌బజార్‌లో గాజులు కొని అక్కడే చెయ్యి చాపి మెహందీ వేయించుకోవడం నగరంలో ఆడవాళ్ళకు పెద్ద సరదా. అదే మెహందీ శోకంలోకీ వచ్చింది. కర్బలాలో అమరుడైన ఖాసిం పేరిట ముహర్రంలో షియాలు మెహందీ ఊరేగిస్తారు. పెళ్ళి కావలసిన యువకుడు యుద్ధంలో నేలకొరిగాడన్న దుఃఖానికి అది గుర్తు.

శైలులు

గోరింటాకు శైలులను దేశాల పేర్లతో పిలవడం కోన్ వ్యాపారంతో స్థిరపడింది. పార్లర్ ఆల్బమ్‌లో ‘అరబిక్’ అని రాసి ఉన్నదంతా అరబ్బు దేశాల్లో వేసేది కాదు. అయినా తేడాలు నిజమైనవే.

రాజస్థానీ, మార్వాడీ శైలి చేతిని ఖాళీ వదలదు. మామిడిపిందెలు, జాలీలు, తీగలు, నెమళ్ళు, ఏనుగులు, పల్లకీ, వధూవరుల ముఖాలు మోచేయి దాకా, ఒక్కోసారి దాటి కూడా అల్లుకుంటాయి. పెళ్ళికూతురి చేతుల్లో వరుడి పేరు అక్షరాలుగా దాచి, అతణ్ణి వెతకమనడం ఇందులో భాగం. నాలుగైదు గంటలు కదలకుండా కూర్చోవాలి. తెలుగు పెళ్ళిళ్ళలోకి వచ్చిన ‘బ్రైడల్’ ఇదే. గల్ఫ్ శైలి దీనికి పూర్తిగా ఎదురు. పెద్ద పూలు, మందపాటి అంచు, చూపుడువేలి నుంచి మణికట్టు దాకా ఏటవాలుగా ఒకే తీగ, చుట్టూ వదిలేసిన చర్మం. ఖాళీ కూడా బొమ్మలో భాగమే. దుబాయ్, మస్కట్, కువైట్లకు వలసవెళ్ళినవాళ్ళున్న కుటుంబాలకు ఇది ముందే పరిచయం, పైగా అరగంటలో అయిపోతుంది కాబట్టి పెళ్ళికి వచ్చిన చుట్టాలందరికీ ఇదే వేస్తారు.

మొరాకోలో పువ్వుల కంటే కోణాలు, గళ్ళు, త్రిభుజాలు ఎక్కువ. సూడాన్‌లో పెద్ద పెద్ద పూలు, నలుపనిపించేంత గాఢమైన రంగు. టర్కీ పెళ్ళిలో కినా రాత్రి వధువు అరచేతిలో ముద్దపెట్టి నాణెం ఉంచి గుప్పిట మూయిస్తారు. డిజైను అక్కరలేదు, ఎరుపు చాలనుకునే ఈ పద్ధతి మన చందమామకు దగ్గరగా ఉంటుంది. తమిళనాట మరుదాణి కూడా అంతే, అక్కడా అరచేతిలో గుండ్రటి చుక్కే. అంటే అరచేతి ముద్ద, వేలి టోపీ అన్నవి గీతలు రానివాళ్ళ సర్దుబాటు కాదు, గీతల శైలి పక్కన నిలబడగల మరో శైలి. ఆల్బమ్‌లలో దానికి పుట లేదు.

యూసుఫ్‌గూడ, సినిమా

తెలుగు సినిమా మద్రాసు నుంచి హైదరాబాద్‌కు తరలడానికి దశాబ్దాలు పట్టింది. అమీర్‌పేట నుంచి యూసుఫ్‌గూడ వెళ్ళే దారిలోని సారథి స్టూడియోలో పూర్తిగా ఇక్కడే తీసిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో విడుదలైంది. అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్‌ను 1976లో ప్రారంభించారు. ఆపైన ఫిల్మ్‌నగర్ కొండ మీద స్టూడియోలు, బంగళాలు లేచాయి. తారలు కొండ మీద, మేకప్‌వాళ్ళూ కాస్ట్యూమర్లూ లైట్‌మన్‌లూ జూనియర్ ఆర్టిస్టులూ కొండ కింద. యూసుఫ్‌గూడను ఆనుకున్న కృష్ణానగర్ అలా తయారైంది. అవకాశాల కోసం పడే పాట్లకు ‘కృష్ణానగర్ కష్టాలు’ అన్న మాట కూడా పుట్టింది.

నలుపు తెలుపు సినిమాలో అరచేతి ఎరుపు నల్లమరకగానే కనిపించేది. రంగుల సినిమాకు అది వరమైంది. 1979లో దాసరి నారాయణరావు దర్శకత్వంలో, కె. మురారి యువచిత్ర పతాకం మీద తీసిన సినిమాకు ‘గోరింటాకు’ అనే పేరు పెట్టారు. శోభన్‌బాబు, సుజాత, సావిత్రి నటించిన ఆ సినిమాకు సంగీతం కె.వి. మహదేవన్. అందులో గోరింట మీద దేవులపల్లి కృష్ణశాస్త్రి రాసిన పాట ఇప్పటికీ ఆషాఢం వస్తే ఇళ్ళలో వినిపిస్తుంది. పొదనూ ఆకునూ పండిన చేతినీ ఒక్క పాటలో నిలిపిన ఆ రచన, ఈ ఆచారాన్ని చూడని తరానికి కూడా దాన్ని నేర్పింది. ఆ పాటలోని గోరింటాకు ఇంటి గోరింటాకు, కోన్ దానికి తెలియదు.

కోన్ తర్వాత వచ్చింది, హిందీ సినిమా తోడుగా వచ్చింది. 1995లో వచ్చిన ‘దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే’లో మెహందీ పాట పెళ్ళిళ్ళలో నాట్యానికి వరస అయింది. ముంబైలో వీణా నాగ్డా లాంటివాళ్ళు తారల పెళ్ళిళ్ళకు మెహందీ వేసి తామే పేరున్న మనుషులయ్యారు. తెలుగు పెళ్ళికి ముందు సంగీత్, మెహందీ అని రెండు సాయంత్రాలు చేరడం ఆ తర్వాతి మార్పే. దీన్ని ‘ఉత్తరాది దిగుమతి’ అని విసుక్కునేవాళ్ళు ఒక సంగతి మరచిపోతారు. హైదరాబాద్‌లో మెహందీ రాత్రి ఎప్పటి నుంచో ఉంది. పక్కింట్లో ఉన్నంతకాలం కనబడనిది, ముంబై తెర మీద చూశాక నచ్చింది.

సెట్ మీద గోరింటాకుకు ఒక ప్రత్యేక చిక్కు ఉంది. అసలు ఆకు రంగు మొదటి రోజు నారింజ, మూడో రోజు ముదురెరుపు, పదో రోజు మచ్చలు మచ్చలు. పెళ్ళి సీనుకు సగం షూటింగ్ ఇవాళ జరిగి మిగతా సగం మూడు వారాల తర్వాత జరిగితే పెళ్ళికూతురి చేతులు రెండు రకాలుగా కనబడతాయి. మధ్యలో ఆ నటి ఇంకో సినిమాలో విధవగా చేయాల్సి రావచ్చు. ఆకు రంగు కడిగితే పోదు. కనక తెర మీద మనం చూసే గోరింటాకు చాలాసార్లు వేసి తుడిచేయగలిగే రంగే. తెర మీద అది అంత చక్కగా, అంత సమంగా ఉండటం వల్ల ఇంట్లో పండిన చెయ్యి వెలితిగా అనిపిస్తుంది. ఇది న్యాయం కాదు.

2019 మార్చిలో అమీర్‌పేట నుంచి హైటెక్‌సిటీ దాకా మెట్రో మొదలయ్యాక యూసుఫ్‌గూడకు సొంత స్టేషన్ వచ్చింది. దాని పక్క స్టేషన్ మధురానగర్‌కు తరుణి అని పేరుపెట్టి ఆడవాళ్ళ అంగళ్ళ కోసం తీర్చిదిద్దారు. యూసుఫ్‌గూడలోనే సూక్ష్మ, చిన్న పరిశ్రమల జాతీయ శిక్షణ సంస్థ ఉంది. దాని గోడ బయట, ఒక ముక్కాలి పీట, డిజైన్ల ఆల్బమ్, పది కోన్‌లతో నడిచే మెహందీ పని కంటే సూక్ష్మమైన పరిశ్రమ దొరకదు. ఆషాఢం, శ్రావణం, రంజాన్, పెళ్ళిళ్ళ ముహూర్తాలు: పని ఆ రోజుల్లోనే. మూఢం వస్తే పీట మడిచి పెట్టుకోవాల్సిందే.

కోన్, నల్లరంగు

మన మార్కెట్లో గోరింట పొడికి పెద్ద పేరు రాజస్థాన్‌లో పాలీ జిల్లా సోజత్‌ది. సోజత్ మెహందీకి 2021లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆకు ఎండబెట్టి, పొడిచేసి, గుడ్డలో జల్లెడపట్టి, నిమ్మరసం, పంచదార, నీలగిరి లేదా లవంగ తైలంతో కలిపితే సన్నటి ముక్కు నుంచి తీగలా జారే ముద్ద తయారవుతుంది. ప్లాస్టిక్ కోన్ వచ్చాక వెంట్రుకవాసి గీతలు సులువయ్యాయి. మోచేతి మెహందీ అనే శైలికి పుట్టిల్లు రాజస్థాన్ ఎంతో, ఆ కోన్ ముక్కూ అంతే.

ఇక్కడ చదువరి గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. అసలైన గోరింట ముద్ద బయట వేడిలో రెండు మూడు రోజులకే శక్తి కోల్పోతుంది. ఫ్రిజ్‌లో గడ్డకట్టించి ఉంచితేనే నిలుస్తుంది. అలాంటప్పుడు నెలల తరబడి కొట్లో వేలాడే కోన్, పది నిమిషాల్లో ముదురు రంగు ఇస్తానంటే, ఆ రంగు ఆకుది కాదు. గోరింటకు నలుపు రాదు. ‘బ్లాక్ మెహందీ’ పేరుతో వేసేవాటిలో చాలాసార్లు పారాఫినైలీన్ డైఅమైన్ అనే జుట్టు రంగు రసాయనం ఉంటుంది. ఐరోపాలో దాన్ని తలరంగులో కూడా వాడేటప్పటికి 2 శాతం మించనివ్వరు, చర్మం మీద అసలే వాడనివ్వరు. అది పడనివాళ్ళకు డిజైన్ ఉన్నచోటల్లా బొబ్బలు లేస్తాయి. ఒకసారి అలా పడకపోతే జీవితాంతం తలరంగు కూడా పడకపోవచ్చు. అమెరికాలో మామూలు గోరింటకు కూడా తలకు రాసుకునే రంగుగానే అనుమతి ఉంది.

పసిపిల్లల విషయంలో అసలు ఆకు కూడా ప్రమాదమే కావచ్చు. జి6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న శిశువులకు ఒళ్ళంతా గోరింటాకు పట్టిస్తే ఎర్రరక్తకణాలు చిట్లిపోయిన ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ముచ్చట కోసం నెలల బిడ్డ అరచేతిలో చుక్క పెట్టే ఇళ్ళు ఈ సంగతి తెలుసుకోవడం మేలు.

వేలిముద్రలు

చందమామ శైలికి ఊహించని శత్రువు వేలిముద్ర యంత్రం. వేలి కొసకు మందంగా ముద్దపెట్టే పద్ధతి కాబట్టి రంగు పడేది సరిగ్గా ముద్ర వేయాల్సిన చోటే. బ్యాంకు ఉద్యోగ పరీక్షలు నడిపే ఐబీపీఎస్ తన సూచనల్లో వేళ్ళ మీద సిరా, మెహందీ పూత లేకుండా కడుక్కుని రమ్మంటుంది. బ్రిటన్ వీసాకు వెళ్ళేవాళ్ళకూ వేలికొసల మీద అలాంటి అలంకరణ వద్దని చెబుతారు. పండిన ఆకు కడిగితే పోయేది కాదు గనక ఈ సూచనకు అర్థం పరీక్ష అయ్యేదాకా పెట్టుకోకు అనే. కోచింగ్ సెంటర్లకు పేరుపడ్డ అమీర్‌పేట యూసుఫ్‌గూడకు రెండు స్టేషన్ల దూరం. పోటీపరీక్షలకు చదివే ఆడపిల్లలు ఆషాఢంలో అరచేతికి చందమామ పెట్టుకుని వేళ్ళు వదిలేయడం మొదలుపెడితే, తెలుగు శైలిలో సగం పోయినట్టే.

నమోదు

2024 డిసెంబరులో యునెస్కో హిన్నాను మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. యూఏఈ, ఈజిప్టు, మొరాకో, సూడాన్, యెమెన్ సహా 16 అరబ్బు దేశాలు కలిసి ఆ దరఖాస్తు పెట్టాయి. భారతదేశం అందులో లేదు. మన దేశంలో సోజత్‌కు దక్కిన గుర్తింపు పంటకే కానీ పెట్టుకునే పద్ధతికి కాదు. ఆషాఢపు గోరింటాకు, మైదాకు, బెల్లం గోరింటాకు, పారాణి: ఇవన్నీ జిల్లా జిల్లాకూ మారే పాళ్ళతో, మాటలతో ఇంకా ఇళ్ళలో ఉన్నాయి. ఏ ఊళ్ళో ఏం కలిపి నూరతారు, ఎన్ని చుక్కలు పెడతారు, ఏ పాట పాడుకుంటారు అన్నది తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం లాంటి సంస్థలు ఇప్పుడే రాసిపెట్టాలి. రోట్లో నూరిన చేతులున్న తరం ఇంకా మన మధ్యే ఉంది. అడిగితే చెబుతారు.